మొదటి గేమ్‌బాయ్: చెడిపోయింది కొని, బాగుచేసి, నాలుగేళ్లు వాడాక

“ఆన్ అవుతుంది, స్క్రీన్ మీద రెండు మూడు గీతలు కనపడవు, అంతే” అని చెప్పి అమ్మారు నాకు ఈ గేమ్‌బాయ్‌ని, అంటే చేతిలో పట్టుకుని ఆడే నింటెండో కంపెనీ గేమ్ మెషీన్‌ని. ఇంటికి తెచ్చి సెల్స్ వేసి స్విచ్ జరిపితే ఎర్ర లైటు ఒకసారి మిణుక్కుమని ఆరిపోయింది. సెల్స్‌ని బొటనవేలితో లోపలికి నొక్కి పట్టుకుంటే వెలుగుతోంది, వదిలేస్తే పోతోంది. వెలిగినప్పుడు కూడా స్క్రీన్ మీద నిలువుగా పదకొండు గీతలు లేవు, కూర్చుని లెక్కపెట్టాను. సౌండ్ చక్రం తిప్పితే గరగరమనే చప్పుడే తప్ప మ్యూజిక్ లేదు. అదంతా జరిగి నాలుగేళ్లు దాటింది. ఈ నాలుగేళ్లలో దాదాపు రోజూ రాత్రి పడుకునే ముందు అరగంటైనా దాంతో ఆడుతున్నాను, అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

ఇది 1989లో వచ్చిన మొదటి మోడల్, వెనకాల డీఎంజీ-01 అని ఉంటుంది. నాలుగు పెన్సిల్ సెల్స్, అడ్డంగా 160 చుక్కలు నిలువుగా 144 చుక్కలు ఉండే స్క్రీన్, నాలుగే ఛాయలు, లోపల లైటు లేదు. రిపేరు నేర్చుకోవాలనుకునే ఎవరికైనా నేను ముందు దీన్నే చెప్తాను. లోపల విడిభాగాలు తక్కువ, ఉన్నవి కూడా కంటికి ఆనేంత పెద్దవి, పైగా జబ్బు ఎక్కడుందో చాలావరకు అదే చూపిస్తుంది. నేను మొదలుపెట్టేనాటికి సోల్డరింగ్ ఐరన్ (లోహాన్ని కరిగించి వైర్లు అతికే వేడి కడ్డీ) ఎప్పుడూ పట్టుకోలేదు, కరెంటు కొలిచే మల్టీమీటర్ మీద ఏ గుర్తు దేనికో తెలియదు.

వెనక ఆరు స్క్రూలుంటాయి, నాలుగు బయటికే కనిపిస్తాయి, రెండు సెల్స్ పెట్టే చోట లోపల. వాటి తలలు మామూలు ప్లస్ ఆకారంలో ఉండవు, మూడు రెక్కలుంటాయి. దానికి తగిన స్క్రూడ్రైవర్ దొరికేదాకా ఆగండి. ప్లస్‌దో మైనస్‌దో పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత ఆ స్క్రూ బయటికి తీయడమే ఒక పెద్ద రిపేరు. విప్పాక రెండు సగాలనూ గబుక్కున విడదీయొద్దు. ముందు బోర్డునీ వెనక బోర్డునీ కలుపుతూ ఒక చదునైన రిబ్బన్ ఉంటుంది, దాన్ని రెండు పక్కలా పట్టుకుని నిదానంగా, నిటారుగా సాకెట్ లోంచి లాగాలి. ఇక్కడ నాకు వచ్చినంత టెన్షన్ తర్వాత వేడి ఐరన్ పట్టుకున్నప్పుడు కూడా రాలేదు.

సెల్స్ ఉండే చోట స్ప్రింగుల మీద తెల్లటి పొక్కు కట్టి ఉంది, అంచుల్లో ఆకుపచ్చటి చిలుము. ఎవరో సెల్స్ పెట్టి ఏళ్ల తరబడి మర్చిపోయి ఉంటారు, అవి కారిపోయాయి. ఆల్కలైన్ సెల్స్‌లో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే క్షారం, కాబట్టి దానికి విరుగుడు ఆమ్లం. ఇయర్ బడ్‌ని వెనిగర్‌లో ముంచి పెడితే ఆ తెల్లటి పొక్కు చిటపటమని నురగ కట్టి మెత్తబడింది. తుడవడం, మళ్లీ పెట్టడం, మళ్లీ తుడవడం, ఇలా ఓ పది బడ్స్ అయ్యాక లోహం బయటపడింది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిచి పూర్తిగా ఆరనిచ్చాను, వెనిగర్ తడి అలాగే ఉంటే అదే మళ్లీ తుప్పు పట్టిస్తుంది. నేను చేసిన తప్పు ఒకటుంది. ఓపిక చాలక ఒక స్ప్రింగుని గరుకు కాగితంతో గీకేశాను. పైనున్న పూత లేచిపోయి ఆరు నెలల్లో అక్కడే మళ్లీ తుప్పు పట్టింది, చివరికి ఆ స్ప్రింగు మార్చాల్సి వచ్చింది. గీకకండి.

పవర్ స్విచ్ సంగతి చిన్నదే. దాని సందులో రెండు చుక్కల ఆల్కహాల్ వేసి, సెల్స్ లేకుండా యాభై అరవై సార్లు అటూ ఇటూ జరిపాను. మిణుకుమిణుకుమనడం ఆగిపోయింది. సౌండ్ చక్రానికీ అదే వైద్యం, గరగర పోయింది.

ఇప్పుడు ఆన్ అవుతోంది, కానీ గేమ్ రావడం లేదు. ఇక్కడే ఈ మెషీన్ నాకు బాగా నచ్చింది. స్విచ్ వేయగానే పైనుంచి కంపెనీ పేరు కిందికి దిగుతుంది కదా, ఆ బొమ్మని మెషీన్ కార్ట్రిడ్జ్ (గేమ్ ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బా) లోంచే చదువుతుంది, చదివినదాన్ని తన లోపల దాచుకున్న దాంతో పోల్చి చూసుకుంటుంది. రెండూ కలిస్తేనే ఆట మొదలవుతుంది, లేదంటే అక్కడే ఆగిపోతుంది. పేరు బదులు నల్లటి పట్టీ దిగితే కార్ట్రిడ్జ్ అసలు అందడం లేదని అర్థం. అక్షరాలు చిందరవందరగా దిగితే కొన్ని పిన్నులు అందుతున్నాయి, కొన్ని అందడం లేదు. నాకు మొదట నల్ల పట్టీ వచ్చింది, పిన్నులు ఒకసారి తుడిచాక సగం చెదిరిన అక్షరాలు, రెండోసారి తుడిచాక పూర్తి పేరు, ఆ తర్వాత ఇయర్‌ఫోన్స్‌లో టింగ్ మనే శబ్దం. ఏ పరికరమూ లేకుండా, ఒక్క స్క్రీన్ చూసి పని ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంటే కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను. కార్ట్రిడ్జ్ పిన్నులు 32, ఆల్కహాల్ బడ్‌తో నల్లటి మురికి వచ్చినన్నిసార్లు తుడవడమే. చిన్నప్పుడు అందరం చేసినట్టు నోటితో ఊదొద్దు, ఊపిరిలో తేమ పిన్నులకు మంచిది కాదు.

ఇక స్క్రీన్. అసలు భయం దీనికే. అద్దం కింది అంచున ఒక సన్నని రిబ్బన్ ఉంటుంది, ఒక్కో నిలువు గీతకు దాని మీద ఒక్కో వెంట్రుకంత దారి. ఆ అతుకు వేడితో నొక్కి అంటించింది. ముప్ఫై ఏళ్లలో అక్కడక్కడా విడిపోతుంది, విడిపోయిన చోట గీత మాయమవుతుంది. కాబట్టి మళ్లీ వేడి చేసి నొక్కితే అంటుకుంటుంది. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు స్క్రీన్ ఆన్‌లోనే ఉండాలి, గీత తిరిగొచ్చిందీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది. ఐరన్ వేడి బాగా తగ్గించి, కొనని అతుకు మీద తేలిగ్గా ఆనించి, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా జరపాలి. అద్దానికి తగలకూడదు, ఒకేచోట ఆగకూడదు.

మొదటిసారి భయంతో మరీ వేగంగా జరిపాను. పదకొండులో ఎనిమిది వచ్చాయి, అరిచినంత పని చేశాను, కానీ చల్లారాక ఐదు మళ్లీ పోయాయి. మర్నాడు ఇంకాస్త నిదానంగా, ఐరన్ వెనకాలే పెన్సిల్ రబ్బరుతో నొక్కుకుంటూ వెళ్లాను. ఒక్కో గీత ముందు బూడిద రంగులో వణికి, తర్వాత నల్లగా నిలబడింది. పదకొండూ వచ్చాయి. రెండో ప్రయత్నంలో తేడా ఆ రబ్బరుదే అని నా నమ్మకం, వేడిగా ఉన్నప్పుడు నొక్కి ఉంచకపోతే అతుకు నిలవదు. ఒక మాట, ఇదంతా నిలువు గీతల సంగతి. అడ్డగీతలు పోతే అది పక్కనుండే అతుకు, దాన్ని బాగుచేయడం చాలా కష్టం. కొనేముందు అమ్మేవాళ్లని ఫోటో అడిగి గీతలు నిలువా అడ్డమా చూసుకోండి, మిగతావన్నీ తర్వాత.

ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ శుభ్రంగా వస్తూ స్పీకర్‌లో రాకపోతే స్పీకర్ పోయినట్టు, లేదా ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలో కాంటాక్ట్ మురికి పట్టి, ఇయర్‌ఫోన్ పెట్టే ఉందని మెషీన్ అనుకుంటున్నట్టు. నాది స్పీకరే. రెండు వైర్లు, రెండు సోల్డర్ చుక్కలు, కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి మొదటి పాఠం లేదు. ముందు ఒక పనికిరాని బోర్డు మీద గంటసేపు సాధన చేశాను, అది చేయకుండా అసలు దాని మీద చేయి వేయకండి. ఫ్లక్స్ (సోల్డర్ బాగా పాకడానికి ముందు రాసే పదార్థం) రాయడం మర్చిపోతే సోల్డర్ గుండ్రంగా ముద్ద కట్టి పక్కకి జారిపోతుంది, రాస్తే నీళ్లలా పాకుతుంది. అన్నట్టు ఈ మెషీన్‌కి స్పీకర్ ఒక్కటే, కానీ ఇయర్‌ఫోన్స్ పెడితే స్టీరియో వస్తుంది, ఒకసారి విని చూడండి.

నాలుగేళ్ల వాడకం గురించి. రీఛార్జబుల్ సెల్స్ వేస్తున్నాను. ఒక్కోటి 1.5 వోల్టులకు బదులు 1.2 ఇస్తుంది కాబట్టి నాలుగూ కలిపి 4.8 మాత్రమే, అయినా ఆట బాగానే నడుస్తుంది. కాకపోతే ఎర్ర లైటు మసకబారాక ఎక్కువ టైమివ్వదు, గబగబా సేవ్ చేసుకోవాలి. వారం పాటు ఆడనని తెలిస్తే సెల్స్ తీసేస్తాను, ఆ చిలుము తుడిచిన చేతులకు ఇది అలవాటైపోయింది. బటన్ల కింది రబ్బరు ప్యాడ్స్ అసలువే, ఒకసారి కడిగి పెట్టాను, ఈనాటికీ ఒక్క నొక్కు తప్పలేదు.

స్క్రీన్ గురించి నిజం చెప్పాలంటే మంచి వెలుతురు లేకుండా ఆడలేరు. టేబుల్ ల్యాంప్‌ని భుజం వెనక నుంచి పడేలా పెట్టుకుంటాను. వేగంగా కదిలే బొమ్మల వెనక నీడ తోకలా సాగుతుంది, కాబట్టి పరుగెత్తే ఆటలకంటే ఆలోచించి ఆడేవే దీని మీద బాగుంటాయి. ఎడమవైపు కాంట్రాస్ట్ చక్రం గది వేడిని బట్టి కాస్త తిప్పుతుండాలి. చాలామంది అసలు స్క్రీన్ తీసేసి ఐపీఎస్ స్క్రీన్, అంటే లోపల లైటుండే కొత్త రకం స్క్రీన్ బిగిస్తున్నారు. అద్భుతంగా కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పని చేసే పాత స్క్రీన్‌ని పీకి పారేయడం నాకు మనసొప్పదు. అద్దమే పగిలిన మెషీన్ దొరికితే అప్పుడు తప్పకుండా అదే వేయండి.

మెషీన్ బాగైనా పాత గేముల్లో సేవ్ నిలవకపోతే తప్పు దానిది కాదు. కార్ట్రిడ్జ్ లోపల ఒక బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది అయిపోయినట్టు. విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కావాలి, పాత బ్యాటరీ తీయగానే ఉన్న సేవ్ పోతుంది. రేకులు ముందే అతికించి వచ్చే బ్యాటరీలే కొనండి, మామూలు బిళ్ల మీద నేరుగా సోల్డర్ చేయడం ప్రమాదం.

పోయిన ఏడాది ఎడమ చివర ఒక గీత మళ్లీ మాయమైంది. మరీ అంచున ఉంది కాబట్టి నేనాడే ఆటల్లో అక్కడ పెద్దగా ఏమీ కనిపించదు. దాని కోసం మళ్లీ విప్పి ఐరన్ పెడితే పక్కనున్న మంచి గీతలకు ఏమవుతుందోనని ఆగిపోయాను. ఇంకో రెండు పోతే అప్పుడు విప్పుతాను, పెన్సిల్ రబ్బరు డబ్బాలోనే ఉంది.