గేమ్ డెవలప్‌మెంట్ కోర్సు కొంటున్నారా? అప్‌డేట్ తేదీ చూసి మాత్రం కొనకండి

గేమ్ డిజైన్, డెవలప్‌మెంట్ నేర్పిస్తామంటూ అమ్మే వీడియో కోర్సుల విషయంలో జాగ్రత్తగా ఉండండి. కోర్సు పేజీలో అప్‌డేట్ తేదీ ఈ నెలదే ఉంటుంది. లోపలికి వెళ్తే వీడియోలన్నీ నాలుగైదేళ్ల కిందటి ఇంజిన్‌లో (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) తీసినవి. చివర్లో ఒక పీడీఎఫ్ కలిపినా, పాఠం పేరు సరిదిద్దినా తేదీ మారిపోయే సైట్లున్నాయి. కొత్తవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఎర్రర్ వస్తే తప్పు తమదే అనుకుంటారు, అదే పాఠం పదిసార్లు చూస్తారు, చివరికి ఇది మనవల్ల కాదని వదిలేస్తారు. డబ్బు పోవడం కన్నా ఇదే ఎక్కువ బాధ.

పాత వెర్షన్ అయితే ఏమవుతుందో గోడాట్ అనే ఇంజిన్‌లో చూడండి. గోడాట్ 4.0 వచ్చింది 2023 మార్చిలో. అంతకుముందు తీసిన కోర్సులో ప్లేయర్ కోసం కైనమాటిక్‌బాడీ2డీ నోడ్ (గేమ్‌ను కట్టే ఒక్కో భాగాన్ని నోడ్ అంటారు) పెట్టమంటారు. 4లో ఆ పేరు వెతికితే దొరకదు, ఇప్పుడది క్యారెక్టర్‌బాడీ2డీ. పేరే కదా అని మార్చుకుని ముందుకెళ్తే, స్క్రిప్ట్ మొదట్లో రాయించిన వెలాసిటీ (వేగం) వేరియబుల్ దగ్గరే ఎర్రర్ వస్తుంది. కొత్త నోడ్‌లో వెలాసిటీ ముందే ఉంది, అదే పేరు మళ్లీ ప్రకటిస్తే ఒప్పుకోదు. ఆ లైన్ తీసేశాక, ప్లేయర్‌ను కదిలించే మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్ దగ్గర ఇంకో ఎర్రర్. పాతదానికి బ్రాకెట్లలో వెలాసిటీ ఇవ్వాలి. కొత్తదానికి ఏమీ ఇవ్వకూడదు, ముందే వెలాసిటీకి విలువ పెట్టి ఖాళీ బ్రాకెట్లతో పిలవాలి. కోడ్‌లో ఆగి వేచి ఉండటానికి రాసే యీల్డ్ పోయి అవెయిట్ వచ్చింది, ఎక్స్‌పోర్ట్, ఆన్‌రెడీ అనే మాటల ముందు @ గుర్తు చేరింది. తొలి పాఠం తొలి స్క్రిప్ట్‌లోనే ఇన్ని. ఇంజిన్‌లో ఉన్న కన్వర్టర్ పేర్లు చాలావరకు మారుస్తుంది కానీ కోడ్ అంతా సరిచేయదు.

యూనిటీ అనే మరో ఇంజిన్‌లో దెబ్బ ఇంకో రకంగా తగులుతుంది. యూనిటీ 6 వచ్చింది 2024 అక్టోబర్‌లో. దాంట్లో కొత్త ప్రాజెక్ట్ తెరిచి, పాత కోర్సు చెప్పినట్టు ఇన్‌పుట్ క్లాస్‌తో (కీలు చదివే పాత పద్ధతితో) కీ చదివితే, ప్లే నొక్కగానే కన్సోల్ నిండా ఎర్రర్లు రావచ్చు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్లేయర్ కింద యాక్టివ్ ఇన్‌పుట్ హ్యాండ్లింగ్‌ను బోత్‌కి (పాత, కొత్త పద్ధతులు రెండూ) మారిస్తే, ఎడిటర్ రీస్టార్ట్ అయ్యాక పని చేస్తుంది. ఈ ఒక్క ముక్క కోర్సులో చెప్పకపోవడం వల్లే ఎంతోమంది మొదటిరోజే ఆగిపోతున్నారు. క్యారెక్టర్లన్నీ గులాబీ రంగులో కనిపిస్తే అది పాత షేడర్ల (వస్తువులు తెరపై ఎలా కనిపించాలో చెప్పే కోడ్) సమస్య. యూనిటీ సొంత మెటీరియల్స్‌ను రెండర్ పైప్‌లైన్ కన్వర్టర్ మారుస్తుంది, చేత్తో రాసిన షేడర్లను మారుస్తుందని ఆశ పెట్టుకోకండి. అలాగని పాత కోర్సులన్నీ చెడ్డవి కావు. ఫిజిక్స్ చూసుకునే రిజిడ్‌బాడీలో వెలాసిటీ కాస్తా లీనియర్ వెలాసిటీ అయినట్టు పేరు మాత్రమే మారినచోట ఎడిటరే దారి చూపిస్తుంది.

డబ్బు కట్టేముందు ఉచితంగా చూపించే పాఠాన్ని ఆపి ఆపి చూడండి. యూనిటీలో పై టైటిల్ బార్‌లో, గోడాట్‌లో కింద కుడి మూలన వెర్షన్ ఉంటుంది. ప్రశ్నల విభాగం అందరికీ కనిపించేదైతే, టీచర్ చివరిసారి జవాబిచ్చింది ఎప్పుడో చూడండి. రివ్యూలను కొత్తవి పైకి వచ్చేలా పెట్టి, మూడు స్టార్లవి చదవండి. ఐదు స్టార్లు చాలావరకు మొదటి రెండు పాఠాలకే పడతాయి, గేమ్ ఆగిపోయే అధ్యాయం దాకా వెళ్లినవాళ్లు రాసేది వేరుగా ఉంటుంది.

కొన్నాక మొదటి పాఠంతో మొదలుపెట్టకండి. ముందు రీఫండ్ షరతులు చదవండి: ఎన్ని రోజులు, ఎంత శాతం వీడియో చూస్తే హక్కు పోతుంది, ఫైళ్లు దించుకుంటే పోతుందా. పోదని షరతుల్లో ఉంటే అదేరోజు చివరి అధ్యాయానికి వెళ్లి పూర్తయిన ప్రాజెక్ట్ దించండి. మొదటి అధ్యాయం మాత్రమే కొత్తగా తీసి మిగతావి పాతవే ఉంచే కోర్సులు ఇక్కడే దొరికిపోతాయి. యూనిటీ ప్రాజెక్ట్ అయితే ప్రాజెక్ట్‌సెట్టింగ్స్ ఫోల్డర్‌లోని ప్రాజెక్ట్‌వెర్షన్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ఏ వెర్షన్‌లో చేశారో మొదటి లైన్‌లోనే ఉంటుంది. గోడాట్‌లో ప్రాజెక్ట్ ఫైలు తెరిస్తే కాన్ఫిగ్ వెర్షన్ అని ఒక అంకె: 5 ఉంటే గోడాట్ 4, 4 ఉంటే గోడాట్ 3. ఈ ఒక్కటి తెలియక తికమకపడేవాళ్లున్నారు, గుర్తుంచుకోండి. యూనిటీ జిప్‌లో అసెట్స్, ప్యాకేజెస్, ప్రాజెక్ట్‌సెట్టింగ్స్ ఫోల్డర్లు మూడూ ఉండాలి. లైబ్రరీ ఫోల్డర్ లేకపోయినా ఫర్వాలేదు, ఎడిటర్ మళ్లీ తయారుచేసుకుంటుంది. ప్రతి ఫైలు పక్కనా ఉండే మెటా ఫైళ్లు లేకపోతే మాత్రం వాటి మధ్య లింకులు తెగి, చాలా ఆబ్జెక్ట్‌ల మీద మిస్సింగ్ అని వస్తుంది. అలాంటి జిప్ ఇచ్చినవాళ్లు దాన్ని ఇంకో కంప్యూటర్‌లో ఒక్కసారైనా తెరిచి చూడలేదన్నమాట.

పేరులో డిజైన్ అని ఉన్నా లోపల డిజైన్ లేని కోర్సులు ఇంకా ఎక్కువ. ఒక్క జంప్ చాలు పట్టుకోవడానికి. "ఫోర్స్ 7 పెట్టండి, గ్రావిటీ 3 పెట్టండి" అని చెప్పి వదిలేస్తే అది అంకెలు కాపీ కొట్టించడమే. నేర్పేవాళ్లు ముందు ఎంత ఎత్తు ఎగరాలి, పైకి చేరడానికి ఎంతసేపు పట్టాలి అని అడుగుతారు. ఎత్తు 3 యూనిట్లు, సమయం 0.4 సెకన్లు అనుకోండి. రెండింతల ఎత్తును సమయంతో భాగిస్తే తొలి వేగం 15, సమయం వర్గంతో భాగిస్తే గ్రావిటీ 37.5. ఇక ఆట బరువుగా అనిపిస్తే ఏది మార్చాలో మీకే తెలుస్తుంది. ఇంకో గుర్తు: యూనిటీలో జంప్ కీ నొక్కడాన్ని ఫిక్స్‌డ్ అప్‌డేట్ అనే ఫంక్షన్‌లో చదివిస్తుంటే జాగ్రత్త. అది మామూలుగా సెకనుకు 50 సార్లే నడుస్తుంది, ఫ్రేమ్‌లు అంతకన్నా వేగంగా నడిస్తే కొన్ని నొక్కుళ్లు తప్పిపోతాయి. కీని ప్రతి ఫ్రేమ్‌కూ నడిచే అప్‌డేట్‌లో చదివి, ఫిజిక్స్ మాత్రం ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లో చేయించాలి. పాఠాల జాబితాలో ప్లేటెస్ట్ (ఇతరులతో ఆడించి చూడటం), కాగితం మీద ప్రోటోటైప్ (నమూనా), బ్యాలెన్సింగ్ (ఆట కష్టాన్ని సరిచూడటం) అన్న మాటలు ఒక్కసారీ కనిపించకపోతే అది ఇంజిన్ కోర్సు, అంతే.

"30 రోజుల్లో మీ గేమ్ ప్లే స్టోర్‌లో" అనే ప్రకటన నమ్మకండి. కొత్తగా తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతా అయితే కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ (ఎంచుకున్నవాళ్లకు మాత్రమే ఇచ్చే పరీక్ష) నడిపాకే గేమ్ విడుదలకు అనుమతి అడగగలరు. కోర్సులో ఇచ్చిన బొమ్మలు, సంగీతం అమ్మే గేమ్‌లో వాడొచ్చో లేదో కూడా లైసెన్స్ చూసే తేల్చుకోండి. యూనిటీ వాళ్ల పాఠాల సైట్ యూనిటీ లర్న్, గోడాట్ డాక్యుమెంటేషన్‌లోని తొలి 2డీ గేమ్ పాఠం రెండూ ఉచితం. వాటిలో ఒకటి పూర్తిచేశాక కొంటే పాత కోర్సును మీ కళ్లే పట్టేస్తాయి.

ఇప్పటికే కొని ఇరుక్కుంటే, గడువు దాటకముందే రీఫండ్ అడగండి. "కోర్సు బాగోలేదు" అని రాస్తే తిరస్కరించడం తేలిక. పేజీలో చెప్పిన వెర్షన్, ప్రాజెక్ట్ ఫైలులో ఉన్న వెర్షన్, ఆగిపోయిన పాఠం నంబర్, ఎర్రర్ స్క్రీన్‌షాట్ జతచేయండి. గడువు దాటిపోతే కోర్సులో వాడిన వెర్షన్‌నే వేసుకోండి. యూనిటీ, గోడాట్ రెండింటి పాత వెర్షన్లూ వాటి సైట్లలోనే దొరుకుతాయి. ఆ వెర్షన్‌లోనే చివరిదాకా పూర్తిచేసి, తర్వాత ప్రాజెక్ట్‌కు ఒక కాపీ తీసి, ఆ కాపీని మాత్రమే కొత్త వెర్షన్‌లో తెరవండి.