చిన్న చేతులకు చేరువైన బ్రేకు లివరు: షిమానో 105 ఎస్‌టీ-ఆర్7025 సమీక్ష

షిమానో సంస్థ 2018లో విడుదల చేసిన 105 ఆర్7000 శ్రేణిలో రోడ్డు సైకిళ్ల హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకు లివర్లు రెండు రకాలుగా వచ్చాయి. ఒకటి సాధారణ కొలతల ఎస్‌టీ-ఆర్7020. రెండోది చేతులు చిన్నగా ఉన్నవారి కోసం లివరును హ్యాండిల్‌బారుకు దగ్గరగా ఉండేలా తయారుచేసిన ఎస్‌టీ-ఆర్7025. ఈ రెండింటినీ ఒకే హ్యాండిల్‌బారు మీద వాడి చూసిన తరువాత, వేళ్లు పొట్టిగా ఉన్నవారు మొదటిదాన్ని స్క్రూతో దగ్గరకు లాక్కుని సర్దుకోవడం కంటే రెండోదాన్ని బిగించుకోవడమే మేలని నేను గట్టిగా చెప్పగలను. అందుకు కారణం సౌకర్యం ఒక్కటే కాదు, బ్రేకు మీద అదుపు కూడా.

లివరు దూరం అసలు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో ముందు చూడాలి. చేతులు హుడ్‌ల మీద, అంటే లివరు పైన రబ్బరు కప్పు తొడిగిన పిడి మీద ఉన్నప్పుడు వేళ్లు లివరు పైభాగాన్ని, అంటే లివరు కదిలే ఇరుసుకు దగ్గరి భాగాన్ని పట్టుకుంటాయి కాబట్టి దూరం పెద్దగా తెలియదు, కాకపోతే అక్కడ బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. చేతులు కిందికి, బారు కింది వంపులైన డ్రాప్‌ల మీదికి దిగినప్పుడు వేళ్లు లివరు కొన వైపుకు చేరుతాయి, ఇరుసుకు దూరంగా పట్టుకుంటాం కాబట్టి తక్కువ బలంతోనే బండి ఆగుతుంది. నిటారైన దిగుడులో మనకు కావలసింది సరిగ్గా ఆ పట్టే. కానీ వేళ్లు చిన్నవైతే అక్కడే లివరు అందదు. చూపుడు వేలి చివరి కణుపు మాత్రమే లివరుకు తగిలి, దాన్ని వంచి లాగడానికి అరచేతిని బారు మీద నుంచి కొంత లేపవలసి వస్తే, బ్రేకు పట్టిన ప్రతిసారీ హ్యాండిల్ మీద పట్టు సడలుతుంది. గుంత వచ్చిన చోట అది ప్రమాదం. ఆ భయంతోనే చాలామంది దిగుడులో కూడా హుడ్‌లు వదలరు, ఫలితంగా వేళ్లు త్వరగా అలసిపోతాయి.

సాధారణ లివరులోనూ దూరం తగ్గించుకునే స్క్రూ ఉంటుంది. రబ్బరు కప్పును కొద్దిగా ఎత్తి సన్నని అలెన్ కీతో తిప్పితే లివరు విశ్రాంతి స్థానం బారు వైపుకు జరుగుతుంది. మరి వేరే లివరు ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. లివరును ఎంత దగ్గరకు తెస్తే, బారును తాకే లోపు అది ప్రయాణించగల దూరం అంత తగ్గుతుంది. ప్యాడ్‌లు డిస్కును పట్టుకునే బిందువు కూడా దానితో పాటే బారు వైపుకు వస్తుంది. నేను ఆర్7020 స్క్రూను దాదాపు చివరి వరకు తిప్పి చూసినప్పుడు వేలికి లివరు చక్కగానే అందింది గాని, గట్టిగా నొక్కితే లివరు మిగిలిన వేళ్ల కణుపులను తాకేంత దగ్గరకు వచ్చింది. నూనె గొట్టాలలో కాస్త గాలి చేరినా, ప్యాడ్‌లు ఇంకా సర్దుకోకపోయినా ఆ మిగిలిన కొద్దిపాటి దూరం కూడా చాలదు. బ్రేకు పని చేస్తున్నట్టే అనిపించి, అవసరం పడిన క్షణంలో లివరు బారుకు తగిలి ఆగిపోవడం ఎవరూ కోరుకునేది కాదు.

ఆర్7025 ఇక్కడే తేడా చూపిస్తుంది. డ్రాప్‌లలో మణికట్టు వంగకుండా, బొటనవేలు బారు చుట్టూ బిగిసి ఉండగా, చూపుడు వేలి మొదటి కణుపు లివరు మీద వంగి కూర్చుంటుంది. ఆ స్థితిలో ఒక్క వేలితో వేగాన్ని సన్నగా తగ్గించడం, మధ్యవేలు కూడా వేసి గట్టిగా ఆపడం రెండూ సాధ్యమయ్యాయి. అన్నిటికంటే నాకు నచ్చింది, స్క్రూ ఇంకా మధ్యలోనే ఉంది. అంటే అవసరమైతే మరికొంత దగ్గరకు గాని దూరానికి గాని జరుపుకునే వీలు మిగిలే ఉంది. గేర్లకూ ఇదే మేలు వర్తిస్తుంది. షిమానో లివర్లలో బ్రేకు లివరే పక్కకు నెట్టితే గేరు మారుతుంది, దాని వెనక చిన్న లివరు మరో దిశలో మారుస్తుంది. బ్రేకు లివరు అందనివారికి ఆ చిన్న లివరు కూడా డ్రాప్‌ల నుంచి సరిగా అందదు. ఈ లివరుతో దిగుడులో బ్రేకు పట్టే వేలిని తీయకుండానే మిగతా వేళ్లతో గేరు మార్చగలిగాను.

అయితే ఎంత మంచి లివరైనా దాన్ని బిగించిన చోటు తప్పైతే ఈ ప్రయోజనమంతా పోతుంది. హుడ్‌లు పైకి ఉంటే చేతులకు హాయి అని చాలామంది వాటిని బారు వంపు మీద పైకి జరుపుతారు. అలా జరిపినప్పుడు లివరు కొన ముందుకు లేచి డ్రాప్‌లకు దూరమవుతుంది. కాబట్టి ముందు బారు కోణం, తరువాత హుడ్ చోటు, ఆ తరువాతే రీచ్ (లివరు దూరం) స్క్రూ అన్న వరుసను పాటించాలి. వరుస తిరగబడితే ప్రతి సర్దుబాటూ ముందు చేసినదాన్ని చెడగొడుతుంది. లివరును బారుకు బిగించే పట్టీ బోల్టు రబ్బరు కప్పు కింద బయటి వైపు ఉంటుంది, 5 మి.మీ. అలెన్ కీ సరిపోతుంది. షిమానో సూచించిన బిగింపు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. కార్బన్ బారుకు ఆ బారు తయారీదారు చెప్పిన పరిమితి ఇంకా తక్కువగా ఉండవచ్చు కనుక రెండింటిలో తక్కువదాన్నే పాటించడం క్షేమం. బారు వంపు ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది. పాత తరహా లోతైన గుండ్రటి వంపులో చెయ్యి లివరుకు దూరంగా పడుతుంది, ఇప్పటి కాంపాక్ట్ బార్లలో దగ్గరగా పడుతుంది. లోతైన బారు మీద ఆర్7025 కూడా పూర్తి పరిష్కారం కాకపోవచ్చు.

స్క్రూను తిప్పేటప్పుడు పావు చుట్టుకు ఒకసారి ఆగి, డ్రాప్‌లలో చెయ్యి పెట్టి చూడాలి. ఎటు తిప్పితే దగ్గరవుతుందో నమూనాను బట్టి మారుతుంది కాబట్టి తయారీదారు సూచనల పత్రం పక్కన పెట్టుకోవడం మంచిది. చుట్లు లెక్కపెట్టి రెండు వైపులా సమానం చేయడాన్ని నేను నమ్మను. లివరు కొన దగ్గర బారు నుంచి లివరు వరకు చిన్న స్కేలుతో కొలిచి సరిచూసుకోవడమే నమ్మకమైన పద్ధతి. అన్నీ అయ్యాక సైకిల్‌ను నిలబెట్టి రెండు లివర్లనూ ఉన్న బలమంతా పెట్టి నొక్కాలి, ఏదీ బారును తాకకూడదు. తాకితే అది రీచ్ సమస్య అనుకుని స్క్రూ తిప్పేయకుండా, నూనె గొట్టాలలో గాలి తీయించాలి. మెత్తగా, స్పాంజిలా అనిపించే లివరును స్క్రూ ఎప్పటికీ బాగుచేయదు.

లోపాల సంగతికి వస్తే, నూనె తొట్టి లోపల ఉండడం వల్ల హుడ్ తల భాగం వైరు బ్రేకుల లివర్ల కంటే లావుగా ఉంటుంది. అరచేతులు మరీ చిన్నవైనవారికి హుడ్ చుట్టూ వేళ్లు చుట్టడం మొదట్లో ఇబ్బందిగా తోచవచ్చు. లివరు దగ్గరైనా పట్టుకునే మొద్దు సన్నబడలేదన్నది నా అసంతృప్తి. చేతులు పెద్దవైనవారు దీన్ని కొనకూడదు, వారి వేళ్లు లివరుకూ బారుకూ మధ్య ఇరుక్కుంటాయి.

కొనే ముందు చూడవలసిన మరో విషయం పొంతన. ఇది వెనక 11 గేర్లుండే మెకానికల్ (వైరుతో గేర్లు మారే) వ్యవస్థకు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులకు చేసిన లివరు. చక్రం అంచును పట్టి ఆపే రిమ్ బ్రేకుల సైకిల్‌కు ఇది పనికిరాదు. 2022 నుంచి వస్తున్న 105 ఎలక్ట్రానిక్ 12 గేర్ల వ్యవస్థతో కలవదు. రిమ్ బ్రేకులు ఉన్నవారు తమ లివరులోని స్క్రూతోనే సర్దుకోవాలి, అయితే అక్కడ లివరు లోపలికి జరిగినప్పుడు వైరు కూడా లాగబడి ప్యాడ్‌లు రిమ్ముకు రాసుకోవచ్చు కనుక, కాలిపర్ (ప్యాడ్‌లను పట్టి ఉంచే భాగం) దగ్గర వైరు బిగువును సరిచేసే బారెల్ అడ్జస్టరును ఆ మేరకు వదులు చేయడం మరవకూడదు.