రీబూట్ లేని అతుకు: కేపాచ్‌తో ఏడేళ్లు

మా ఇల్లు పాతపట్నంలో, ఉద్యోగం పర్లాకిమిడిలో. స్కూటరు మీద పది కిలోమీటర్లు కూడా ఉండదు గానీ మధ్యలో రాష్ట్రం మారిపోతుంది. కేబుల్ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థలో సర్వర్లు చూసుకునేది నేనే. సుమారు పన్నెండు వందల ఇళ్లు ఒకే లైనక్స్ పెట్టె గుండా బయటికి వెళ్తాయి. లాగిన్లూ అందులోనే, నాట్ (ఇళ్లన్నిటినీ కొద్ది చిరునామాల మీద ఇంటర్నెట్‌కి పంపే ఏర్పాటు) కూడా అందులోనే. దాన్ని రీబూట్ చేస్తే అందరికీ ఒకేసారి నెట్ తెగుతుంది. రెండు నిమిషాల పనే, కానీ ఆ తర్వాత గంటసేపు ఫోను మోగుతూనే ఉంటుంది, సగం తెలుగులో, సగం ఒడియాలో. "ఏటండీ బాబూ, నెలనెలా డబ్బులు కడతన్నాం కదా!"

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కరెంటు పోయి పెట్టె రోజుల తరబడి ఆగిపోతే ఎవరూ ఏమీ అనలేదు. కరెంటు ఉండగా కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) మార్చడానికి నేను రెండు నిమిషాలు ఆపితే మాత్రం ఊరుకోలేదు. ఆ ఏడాది చివర్లో కేపాచ్ పట్టుకున్నాను, నడుస్తున్న కెర్నెల్‌ని రీబూట్ లేకుండానే దిద్దే పనిముట్టు. 4.15 కెర్నెల్‌తో మొదలుపెట్టి 5.4, 5.15 దాటి ఇప్పుడు 6.8 మీద ఉన్నాను.

పని చేసే తీరు చెప్పడానికి తేలికే. సోర్స్‌లో దిద్దుబాటు ఇస్తే కేపాచ్-బిల్డ్ కెర్నెల్‌ని దిద్దకముందు ఒకసారి, దిద్దాక ఒకసారి కంపైల్ చేసి, తేడా వచ్చిన ఫంక్షన్లను మాత్రం ఏరి ఒక మాడ్యూల్ (నడుస్తున్న కెర్నెల్‌కి తగిలించే ముక్క, అదే అతుకు) తయారుచేస్తుంది. దాన్ని లోడ్ చేస్తే పాత ఫంక్షన్ మొదట్లోనే ఎఫ్‌ట్రేస్ అనే కెర్నెల్ సదుపాయం అడ్డుపడి దారిని కొత్త ఫంక్షన్‌కి మళ్లిస్తుంది. దీనికి ఆధారమైన లైవ్‌ప్యాచ్ సదుపాయం 2015లో 4.0 కెర్నెల్‌లోకి వచ్చింది. ఒక్కో ప్రాసెస్‌ని విడివిడిగా, భద్రంగా కొత్త కోడ్‌కి మార్చే పద్ధతి 2017లో 4.12తో వచ్చింది.

దారి మళ్లించడం చిన్న పని. నన్ను ఎక్కువ ఏడిపించింది రీలొకేషన్. (గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని దీనికి సంస్కృతంలో పేరు పెట్టలేను. రీలొకేషన్ అనే అంటాను.) కొత్త ఫంక్షన్ పాత కోడ్‌లోని వేరియబుళ్లను, స్టాటిక్ ఫంక్షన్లను (ఒక ఫైలు లోపలే వాడుకునేవి) పిలవాలి. వాటిలో చాలావాటిని కెర్నెల్ బయటి మాడ్యూళ్లకి ఎక్స్‌పోర్ట్ చేయదు. కాబట్టి మాడ్యూల్లో ఆ చోటు ఖాళీగా ఉంచి, ఫలానా పేరున్నవాడి చిరునామా ఇక్కడ రాయండి అని చీటీ పెట్టాలి. చిక్కేమిటంటే పేర్లు కలుస్తాయి. మా వీధిలో సింహాచలాలు ముగ్గురు. పోస్టుమ్యాన్‌కి పేరొక్కటే చెబితే చాలదు, రెండో సింహాచలం అని చెప్పాలి. కెర్నెల్లోనూ అంతే. ఒకే పేరుతో స్టాటిక్ ఫంక్షన్లు ఎన్నో ఉంటాయి గనక చీటీలో పేరు చివర కామా పెట్టి వరసలో ఎన్నోవాడో రాస్తారు. సున్నా అంటే ఆ పేరుతో ఒక్కడే ఉన్నాడని. సున్నా రాసి ఉండి ఇద్దరు దొరికితే, ఎవరో తేల్చుకోలేకపోతున్నానని లోడింగ్ ఆపేస్తుంది. ఆపడమే మంచిది. తప్పు సింహాచలం ఇంట్లో దూరడం కంటే అదే నయం.

మొదట్లో ఈ చీటీలకి లైవ్‌ప్యాచ్ తనదంటూ వేరే లెక్క పెట్టుకునేది. 2016లో 4.7 నుంచి వాటిని మామూలు ఈఎల్ఎఫ్ (లైనక్స్ ప్రోగ్రాం ఫైళ్ల రూపం) రీలొకేషన్ సెక్షన్లుగానే రాసి, పేరు ముందు ఒక గుర్తు తగిలించి, మాడ్యూల్ లోడర్ ఎప్పుడూ వాడే కోడ్‌తోనే పూరించడం మొదలైంది. నేను వచ్చేసరికి ఇది అయిపోయింది. ఆ తర్వాతి మార్పు మాత్రం నా కళ్లముందే జరిగింది. 5.4లో చీటీలన్నీ ఆలస్యంగా పూరించేవారు. అప్పటికే మాడ్యూల్ పేజీలకి రాయకూడదన్న తాళం పడిపోతుంది. మళ్లీ తాళం తీయడం, చిరునామాలు రాయడం, మళ్లీ వేయడం. ప్రాసెసర్‌ని బట్టి మారే కోడ్ ముక్కలు కూడా అంతసేపూ ఆగాలి గనక వాటికోసం వేరే సెక్షన్లు. 2020లో 5.8 వచ్చాక ఈ తంతంతా పోయింది. అసలు కెర్నెల్ తాలూకు చీటీలు మాడ్యూల్ లోడ్ అవుతుండగానే, తాళం పడకముందే పూర్తవుతాయి. వేరే మాడ్యూళ్లకి సంబంధించినవి మాత్రం ఆ మాడ్యూల్ వచ్చినప్పుడు పూరిస్తారు. బదులుగా ఒక ఆంక్ష వచ్చింది. దిద్దిన ఫంక్షన్ వేరే మాడ్యూల్లో పుట్టిన స్టాటిక్ కీని (నడుస్తుండగా కోడ్‌నే మార్చి షరతు తేల్చే మీట) వాడితే కేపాచ్-బిల్డ్ ఒప్పుకోదు, ఆ చోట మామూలు షరతు రాయమంటుంది. రెండుసార్లు అలా చేతితో దిద్దుకున్నాను. నాకు ఈ బేరం నచ్చింది.

ఇక నా తలబొప్పి కథ. 2024లో సీవీఈ-2024-1086 అని (లోపాల జాబితాలో దాని నంబరు) ఎన్ఎఫ్_టేబుల్స్‌లో, అంటే కెర్నెల్ ఫైర్‌వాల్ మాడ్యూల్లో, ఒక భద్రతా లోపం గోలైంది. మార్చిలో దాన్ని వాడుకునే కోడ్ కూడా బయటికొచ్చింది, 5.14 నుంచి 6.6 దాకా పనిచేస్తుందని. నాది 5.15. నిజం చెప్పాలంటే అది లోపల లాగిన్ ఉన్నవాడు చేయగల దాడి. మా పెట్టెలో నేనూ ఇంకో కుర్రాడూ తప్ప ఎవరం లేము. అయినా మనసూరుకోక అతుకు వేశాను. దిద్దాల్సింది కొద్ది లైన్లే. ఏ ఫోనూ మోగలేదు.

వర్షాకాలంలో ఒక రాత్రి ఫైర్‌వాల్ రూల్సు చిందరవందరయ్యాయి. అన్నీ ఖాళీ చేసి, ఆధారపడ్డ చిన్న మాడ్యూళ్లని తీసేసి, ఎన్ఎఫ్_టేబుల్స్‌ని కూడా తీసి మళ్లీ లోడ్ చేయబోయాను. "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అంది. డీమెసేజ్ (కెర్నెల్ రాసుకునే చిట్టా) చూస్తే, చిరునామా రాయాల్సిన చోట విలువ సున్నా కాదు, కాబట్టి వదిలేస్తున్నానని ఒక లైను. దాని కింద "రిఫ్యూజింగ్ టు లోడ్ మాడ్యూల్". నాట్ లేదు. పన్నెండు వందల ఇళ్లకీ నెట్ లేదు. మా ఓనరు ఫోను: "తమ్ముడూ, రీబూట్ అక్కర్లేదన్నావు కదా?"

ఎందుకంటే, ఎన్ఎఫ్_టేబుల్స్ వెళ్లిపోయినా నా అతుకు మాడ్యూల్ ఉండిపోయింది. అందులో పాత చిరునామాలు చెరపకుండా అలాగే ఉన్నాయి. మళ్లీ రాయబోయిన లోడర్‌కి ఆ చోటు ఖాళీగా ఉండాలి. లేదు. అతుకుని డిసేబుల్ చేసి, తీసేసి, ఎన్ఎఫ్_టేబుల్స్‌ని ఎక్కించి, అతుకుని కొత్తగా పెడితే అంతా దారికొచ్చింది. ఇది తట్టడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. రీబూట్ చేస్తే రెండే. మాడ్యూల్ వెళ్లేటప్పుడు చిరునామాలు తుడిచే కోడ్ ఎక్స్86 ప్రాసెసర్లకి 2023లోనే 6.3తో వచ్చింది, నేనే 5.15 దగ్గర ఆగిపోయాను. 6.8కి మారాక మొదట చేసింది, పాత డెస్క్‌టాప్ మీద ఇదే వరస మళ్లీ చేయడం. చప్పుడు చేయకుండా ఎక్కింది.

మిగతావి పొట్టిగా. బిల్డ్‌కి కెర్నెల్‌ని కట్టిన అదే వెర్షన్ జీసీసీ కంపైలర్, కెర్నెల్ డీబగ్ సింబల్స్, డిస్కు మీద 15 జీబీ దాకా ఖాళీ కావాలి. నా నాలుగు కోర్ల పెట్టె మీద మొదటి బిల్డ్ పెట్టి భోంచేసి రావచ్చు. మార్చిన ఫంక్షన్లోనే ఏదైనా ప్రాసెస్ నిద్రపోతుంటే మార్పు పూర్తవదు. ప్రోక్ ఫోల్డరు కింద ఆ ప్రాసెస్ ప్యాచ్_స్టేట్ చూస్తే ఎవడు అడ్డమో తెలుస్తుంది. ఆగకుండా బలవంతంగా మార్చేసే ఫోర్స్ అనే మీట ఒకటుంది, నేను ముట్టుకోలేదు. కేపాచ్ లోడ్ ఒక్కటే చేస్తే కరెంటు పోయి వచ్చాక అతుకు ఉండదు, ఇన్‌స్టాల్ కూడా చేయాలి. మా ఊళ్లో ఇది మరిచిపోకూడని సంగతి.

ఇప్పుడు ఆ పెట్టె మీద మూడు దిద్దుబాట్లు కలిపిన ఒక అతుకు ఉంది. ఈసారి కరెంటువాళ్లు లైను మరమ్మతుకి షట్‌డౌన్ చెప్పిన రోజు అసలు కెర్నెలే మార్చేస్తాను. ఆ రోజు ఎవరూ ఫోను చేయరు.