ఐటీపీఎల్‌కు దగ్గరలో ఇల్లు: బెంగళూరులో పది రోజుల వెతుకులాట

విశాఖపట్నంలో పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేసినందువల్ల అద్దె ఇల్లు వెతకడమంటే ఏమిటో నేను దాదాపు మరిచిపోయాను. కొత్త ఉద్యోగం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఐటీ కంపెనీల ప్రాంగణమైన ఐటీపీఎల్‌లో అని ఖరారయ్యాక, మా ఆవిడనూ, ఐదో తరగతి ముగించిన అమ్మాయినీ ఊళ్ళోనే ఉంచి, 2025 మే నెలలో నేనొక్కణ్ణే పది రోజుల ముందుగా వెళ్ళాను. నెలకు 30,000 రూపాయలు మించని అద్దెకు, ఆఫీసుకు దగ్గరగా, రెండు పడకగదుల ఇల్లు కుదుర్చుకోవాలన్నది నా లెక్క. అందులో ‘దగ్గర’ అన్న మాటే నన్ను అన్నిటికంటే ఎక్కువగా తిప్పింది.

మొదటి నాలుగు రాత్రులు మారతహళ్ళిలో తెలుగువాళ్ళు నడిపే ఒక పీజీలో (పేయింగ్ గెస్ట్ వసతిలో) దిగాను. రోజుకు 600 రూపాయలకు ముగ్గురుండే గదిలో ఒక మంచం, రెండు పూటలా భోజనం. పప్పూ గోంగూర పచ్చడీ బాగానే ఉండేవి. వేడినీళ్ళు మాత్రం ఉదయం ఏడు దాటితే రావు, రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున వచ్చే కుర్రవాళ్ళ అలికిడికి నిద్రా ఉండదు. అయినా ఆ డబ్బు వృథా అయిందనుకోను. ఏ సందులో వాన పడితే మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయో, ఏ యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి నెలల తరబడి తిప్పుతాడో, యాప్‌లలో కనిపించని ఈ సంగతులన్నీ ఆ భోజనాల బల్ల దగ్గరే తెలిశాయి. మిగిలిన రాత్రులు కుందలహళ్ళి దగ్గర ఒక సర్వీస్ అపార్ట్‌మెంటులో రోజుకు 2,600 రూపాయలు ఇచ్చి ఉన్నాను. శుభ్రంగా ఉంది, వంటిల్లూ ఉంది, కానీ అందులో నేను కాఫీ తప్ప ఏమీ కాచుకోలేదు. కుటుంబంతో దిగేవారికి అది నప్పుతుంది. ఒంటరిగా ఇల్లు వెతుక్కునేవాడికి పీజీయే మేలు.

మారతహళ్ళిలోనే ఉండిపోదామా అని మొదట అనిపించింది. తెలుగు మాట, ఆంధ్రా భోజనం, ఊరికి వెళ్ళే బస్సులు అన్నీ అక్కడే దొరుకుతాయి. ఆ ఆలోచనను ఒక్క సాయంత్రం ప్రయాణం తుడిచిపెట్టింది: ఆరున్నరకు ఐటీపీఎల్ గేటు దగ్గర ఆటో ఎక్కితే పీజీ చేరేసరికి దాదాపు గంట పట్టింది. అవుటర్ రింగ్ రోడ్డు మీది మెట్రో అప్పటికింకా నిర్మాణంలోనే ఉంది కనుక మరో దారి లేదు.

ఆ అనుభవంతో పూర్తిగా ఆఫీసు వైపే మొగ్గి, పట్టందూరు అగ్రహారంలో ఆఫీసు ప్రహరీకి అతి సమీపంలో ఉన్న ఒక ఫ్లాటు చూశాను. మ్యాపులో అర కిలోమీటరు కూడా లేదు. అయితే ఆ ప్రహరీకి ఆ వైపు గేటు లేదు. చుట్టు తిరిగి, కాలిబాట లేని రోడ్డు అంచున టిప్పర్లను తప్పించుకుంటూ నడిస్తే ఇరవై ఐదు నిమిషాలైంది. అదీ సహించవచ్చు గానీ, అసలు చిక్కు నీళ్ళది.

వైట్‌ఫీల్డ్ పరిసరాల్లోని ఊళ్ళు చాలావరకు 2007లో బృహత్ బెంగళూరు మహానగర పాలికె ఏర్పడినప్పుడు నగరంలో కలిసినవి. నగరంలో కలిసినంత త్వరగా వాటికి కావేరి నీరు రాలేదు. అలా చేరిన 110 గ్రామాల కోసమే రోజుకు 775 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో తలపెట్టిన కావేరి తాగునీటి పథకం ఐదవ దశ 2024 అక్టోబరులో గానీ ప్రారంభం కాలేదు. పైపు వీధిలోకి వచ్చినా భవనం కనెక్షన్ తీసుకుందా లేదా అన్నది వేరే ప్రశ్న. నేను చూసిన ఫ్లాటు తీసుకోలేదు. అక్కడ మెయింటెనెన్సు నెలకు 3,500 అని చెప్పిన బ్రోకరు, ట్యాంకరు ఖర్చు దానికి అదనమన్న మాటను మూడోసారి అడిగితే తప్ప బయటపెట్టలేదు. అంతకు ముందు రోజు ఇంకో బ్రోకరు ఫొటోల్లో చూపిన ఇల్లు ‘నిన్ననే పోయింది’ అని చెప్పి, దానికంటే 9,000 రూపాయలు ఎక్కువైన ఇంటికి తీసుకుపోయాడు.

అప్పటి నుంచి నేను కిలోమీటర్లు లెక్కపెట్టడం మానేసి, మెట్రో పర్పుల్ లైను స్టేషన్ల నుంచి నడవగలిగే సందులనే పట్టుకున్నాను. కె.ఆర్. పుర, వైట్‌ఫీల్డ్‌ల మధ్య ఆ లైను 2023 మార్చిలో మొదలైంది. హూడి స్టేషన్ నుంచి ఐటీపీఎల్ ఎదుటి పట్టందూరు అగ్రహారం ఐదో స్టేషనే. హూడిలో ఒక పాత వీధిలో టు-లెట్ బోర్డు చూసి తలుపు తట్టితే, స్థానికుడైన రెడ్డిగారు కన్నడం కలిసిన తెలుగులో పలకరించారు. “నీళ్ళు కావేరివాండీ, బోరువా?” అని అడిగాను. “రెండూ ఉండాయప్పా. కావేరి దినం విడిచి దినం వస్తాది. సంపు నిండితే మీకు బాధ లేదు,” అని నేలలోని ఆ నీళ్ళ తొట్టి మూత తీసి చూపించారు. మేడ మీద రెండు పడకగదుల ఇల్లు, అద్దె 27,000, బ్రోకరు లేడు.

అడ్వాన్సు మాత్రం ఆయన పది నెలల అద్దెతో మొదలుపెట్టారు. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెను పరిమితిగా పెట్టినా, నేను చూసిన ఏ ఇంట్లోనూ ఆ ప్రస్తావనే రాలేదు. బేరమాడగా ఐదు నెలలకు దిగారు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి కనుక ఒప్పందం అందరిలాగే పదకొండు నెలలకే రాసుకున్నాం. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం ఒక నెల అద్దె మినహాయించుకుంటామన్న షరతును తీయించలేకపోయాను. రెండేళ్ళలోపు వెళ్ళిపోతే సగమే పట్టుకోవాలని మాత్రం రాయించాను.

సంతకాలయ్యాక సాయంత్రం ఆరున్నరకే పరీక్షగా ఆఫీసు గేటు నుంచి ఆ ఇంటి మెట్ల దాకా వచ్చాను. మెట్రో కోసం ఆగిన సమయంతో సహా ముప్పై రెండు నిమిషాలు పట్టింది. ఇన్ని కొలిచినవాణ్ణి సందు వెడల్పు కొలవలేదు. జూన్‌లో విశాఖ నుంచి సామాను తెచ్చిన లారీ వీధి మొదట్లోనే ఆగిపోయింది. అక్కడి నుంచి బీరువా, మంచాలు ఒక చిన్న ట్రాలీ ఆటోలో మూడు విడతలుగా చేర్చడానికి మరో 1,800 రూపాయలు అయ్యాయి.