మూసీ పుట్టే కొండల్లో తూనీగల కోసం

అత్తాపూర్‌లో మా ఇంటికి దగ్గర్లోనే మూసీ. ఆ గట్టున నాకు ఎప్పుడూ కనిపించేది నారింజ రంగు డిచ్ జ్యువెల్ ఒక్కటే. మురికినీళ్లలోనూ బతకగల తూనీగ అది. ఇదే నది పుట్టే అనంతగిరి కొండల్లో ఇంకెన్ని రకాలుంటాయో చూద్దామని అక్టోబరులో ఒక శనివారం నేనూ తమ్ముడూ వికారాబాద్ రైలెక్కాం.

మొదట కోట్‌పల్లి ప్రాజెక్టు. బోటింగ్ జనం ఉన్న ఒడ్డున ఏమీ లేవు. అటువైపు గడ్డిలోకి వెళ్తే ఎర్రటి స్కార్లెట్ స్కిమ్మర్లు, పైన గుంపులుగా వాండరింగ్ గ్లైడర్లు. వానగాలులతో మన దగ్గరికొచ్చే ఈ గ్లైడర్లు తర్వాత హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికాకు పోతాయి. వేలెడంత ప్రాణి!

రాత్రి బసే దెబ్బకొట్టింది. కొండ మీది హరిత రిసార్ట్‌లో గది దొరక్క ఒక ప్రైవేటు రిసార్ట్‌కు వెళ్లాం. ఒంటిగంట దాకా డీజే మోత. పొద్దున టిఫిన్ మాత్రం వేడివేడిగా పెట్టారు. పురుగులు, పిట్టలు చూడటానికి వెళ్లేవాళ్లు గది ముందే బుక్ చేసుకుని కొండ మీదే ఉండండి.

ఆదివారం బుగ్గ రామలింగేశ్వరుని గుడి దగ్గరి వాగు. ఎండెక్కాక, తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం. ఇక్కడివి ఎక్కువగా సన్న తూనీగలు, అంటే డామ్సెల్‌ఫ్లైలు. పెద్ద తూనీగ వాలినా రెక్కలు చాచే ఉంచుతుంది, వీటిలో చాలావరకు వీపు మీదికి ముడుచుకుంటాయి. పసుపు కాళ్ల ఎల్లో బుష్ డార్ట్ జంట ఒకటి మోకాలెత్తులో దొరికింది. మగది తోక కొసతో ఆడదాని మెడ పట్టుకుని నిటారుగా నిలబడింది. ఆడది నీళ్లలో నానుతున్న కాడకు ఒళ్లు వంచి గుడ్లు దించుతోంది. ఊపిరి బిగపట్టి చూశాం.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా?" అని గుడికొచ్చిన ఒకవ్వ అడిగింది. చూపిస్తే, "అవి కిందికెగిరితే వానొస్తది" అంది.

నాలుగడుగుల కింద స్నానాల చోట షాంపూ ప్యాకెట్లు, సబ్బు నురగ. అక్కడ ఒక్క తూనీగ లేదు. వీటి పిల్లలు రెక్కలొచ్చేదాకా నీళ్లలోనే బతకాలి. గుడికి వెళ్లేవాళ్లు దయచేసి సబ్బు వాడకండి.

ఆటో రానూపోనూ మాట్లాడుకోవడం మేలు, వాగు దగ్గర తిరుగు బండి దొరకడం కష్టం. నవంబరులో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి రెండు రోజులూ బుగ్గలోనే.