నాలుగేళ్లు టాకాక్స్ ప్లస్ వాడాక నా మాట

కోనసీమలో ఊరూరా ఫైబర్ నెట్ ఇచ్చే చిన్న సంస్థలో పనిచేస్తాను. ఊళ్లకు నెట్ పంచే పెట్టెలు, అంటే స్విచ్‌లు, డెబ్భై దాకా ఉంటాయి. ఒకప్పుడు అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్, ఎవరైనా మానేస్తే ఒక్కోదాంట్లోకీ వెళ్లి మార్చాలి, అంత ఓపిక లేక అసలు మార్చేవాళ్లమే కాదు. 2021లో లినక్స్ మీద రెండు టాకాక్స్ ప్లస్ సర్వర్లు పెట్టాం, స్విచ్‌లోకి ఎవరు రావచ్చో, ఏం చేయొచ్చో చెప్పేవి ఇవే. ఇప్పుడు ఎవరి లాగిన్ వాళ్లదే, మనిషి వెళ్లిపోతే సర్వర్లో పేరు తీసేస్తే సరి.

లాగిన్లు చూడ్డానికి రేడియస్ అని ఇంకో పద్ధతి ఉందిగా అంటారు. కస్టమర్ల కనెక్షన్లకు మేమూ అదే వాడతాం. కానీ కొత్తవాళ్లు షో కమాండ్లు (ఏదీ మార్చకుండా చూడ్డానికి మాత్రమే పనికొచ్చేవి) తప్ప ఇంకేమీ కొట్టకూడదంటే, ప్రతి కమాండ్‌కీ సర్వర్‌ని అడిగి వదిలేది టాకాక్స్ ప్లస్సే. దాని ఎన్‌క్రిప్షన్ మాత్రం పాతకాలంది, అందుకే మేనేజ్‌మెంట్ వీలాన్ (అవే తీగల మీద స్విచ్‌ల నిర్వహణకని వేరుచేసిన నెట్‌వర్క్) దాటి బయటికి రానివ్వం.

నాకు బాగా నచ్చింది, ఎవరు ఏ కమాండ్ కొట్టారో రాసిపెట్టే లాగ్. ఒక రాత్రి రాజోలు వైపు చాలా ఊళ్లకు నెట్ పోతే అందరూ కొత్త కుర్రాడి మీద పడ్డారు. లాగ్ తీస్తే, చాలా వీలాన్లను ఒకేసారి మోసే ట్రంక్ పోర్టుకి కొత్త వీలాన్ కలిపేటప్పుడు 'యాడ్' అన్న మాట వదిలేశారు, అది లేకపోతే పాతవన్నీ పోయి కొత్తదొక్కటే మిగులుతుంది. పక్కనున్న పేరు మా సీనియర్‌ది. ఆయన వెంటనే ఒప్పుకుని ఆ అబ్బాయికి సారీ చెప్పారు. లాగ్ లేకపోతే ఆ పిల్లాడు ఉద్యోగం మానేసేవాడు, నాకు తెలుసు.

ఇక ఏడిపించింది 2022 జూలై వరద. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో ఒక లంకకి ఫైబర్ తెగింది. పడవలో వెళ్లి, స్విచ్‌కి నేరుగా కన్సోల్ కేబుల్ పెట్టి, లింకుని వైర్‌లెస్ వైపు తిప్పాలి. ఫైబర్ లేక సర్వర్లు అందవు కదా, ఎంటర్ కొడితే ఒక్కో సర్వర్‌కి ఐదేసి సెకన్లు ఎదురుచూసి, అప్పుడు స్విచ్‌లోనే ఉండే లోకల్ పాస్‌వర్డ్‌కి వచ్చింది. ఆ పాస్‌వర్డ్ పెట్టి ఏడాది దాటింది, ఎవరికీ గుర్తులేదు, ఫోన్ సిగ్నల్ లేదు. పడవ మళ్లీ వెనక్కి. మర్నాడు సాయంత్రానికి గానీ ఆ లంకకి నెట్ రాలేదు.

ఇంకోటి, సర్వర్ అసలు పలకకపోతేనే లోకల్ పనిచేస్తుంది, సర్వర్ పలికి కాదంటే అక్కడితో అంతే. అందుకే ఇప్పుడు ఆరు నెలలకోసారి ఒక సర్వర్ తర్వాత ఒకటి ఆపి చూస్తాం, చివరికి రెండూ ఆపి లోకల్‌తో లాగిన్ అవుతాం, కొత్త పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవర్ అంటించి బీరువాలో పెడతాం, వరద హెచ్చరిక వస్తే లంకకి వెళ్లేవాళ్ల చేతికి అది ముందే ఇస్తాం.