రొయ్యలో కొలెస్టరాల్ కొలతకు ఎంజైమ్ సెన్సరా, గ్యాస్ క్రొమటోగ్రఫీయా?

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల మధ్య బతికేవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న: ఇందులో కొలెస్టరాల్ ఎంత? పచ్చి రొయ్యలు 100 గ్రాములకు సుమారు 150 మిల్లీగ్రాములు. కచ్చితంగా తేల్చాలంటే రెండు దారులున్నాయి.

గ్యాస్ క్రొమటోగ్రఫీ అంటే పదార్థాలను ఆవిరిగా మార్చి, విడదీసి కొలిచే పద్ధతి. దీనికి నమూనాను క్షారంతో వేడిచేసి, కొలెస్టరాల్‌ను ద్రావణిలోకి లాగాలి. గంటల పని, ఖరీదైన యంత్రం. అయినా కొలెస్టరాల్‌ను పోలిన మొక్కల స్టెరాల్స్‌ను వేరుగా చూపుతుంది.

ఎంజైమ్ సెన్సర్ పనితీరు నన్ను నిజంగా ఆకట్టుకుంటుంది. కొలెస్టరాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్ సాయంతో కొలెస్టరాల్‌ను మార్చేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. అది ఎలక్ట్రోడ్ దగ్గర ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఆ కరెంటే కొలత. కొవ్వు ఆమ్లాలతో జతకట్టిన కొలెస్టరాల్ మాత్రం ఈ ఎంజైమ్‌కు చిక్కదు. దాన్ని ముందు విడదీయడానికి కొలెస్టరాల్ ఎస్టరేజ్ అనే మరో ఎంజైమ్ తోడు కావాలి, లేకపోతే లెక్క తక్కువ వస్తుంది. రొయ్య కండను నూరి కొవ్వు తీసే పని ఇక్కడా తప్పదు. ఆ తర్వాత ఫలితం నిమిషాల్లో వస్తుంది. విటమిన్ సి కూడా అదే ఎలక్ట్రోడ్‌పై కరెంటు ఇచ్చి లెక్క పెంచగలదు. మన వేసవి ఎండకు ఎంజైమ్ చురుకు తగ్గుతుంది, చల్లగా దాచాలి.

శుద్ధి కేంద్రంలో రోజూ బుట్టలు సరిచూసుకోవడానికి నేను సెన్సర్‌నే ఎంచుకుంటాను. ప్యాకెట్ మీద అచ్చయ్యే అంకెకు మాత్రం క్రొమటోగ్రఫీయే కావాలి.